మొరం వెయ్యని పూట

ముడిమ్యాలలో మా బాపు తవ్వించిన బావిని నేనూ నా తమ్ముడూ పంచుకోలేకపోయాం. భూమినైతే గట్టు పెట్టి విడదీయవచ్చు, బావిని ఎట్లా విడదీస్తారు? పొద్దటి పూట నాది, మధ్యాహ్నం నుంచి అతనిది అని పెద్దమనుషులు తీర్పు చెప్పారు. మా వైపు ఇంకా ఇంజన్లు రాని రోజులవి. నీళ్లంటే మోట, మోటంటే ఎద్దులు.

మోట చూడనివాళ్లకు కొంచెం చెప్పాలి. బావి ఒడ్డు నుంచి ఏటవాలుగా కిందికి ఒక దారి తవ్వుతారు. ఎద్దులు ఆ వాలులో దిగుతుంటే మోకు బిగిసి, నీళ్లు నిండిన తోలు సంచి బావిలోంచి పైకి వస్తుంది. నీళ్లు కాలువలో పడ్డాక ఎద్దులు వెనక్కి నడుస్తూ మళ్లీ పైకి ఎక్కుతాయి. వాలులోకి దిగాక పని తేలిక, వాటి ఒంటి బరువే సగం పని చేస్తుంది. కష్టమంతా మొదట్లో, ఒడ్డు పక్కన నేల చదునుగా ఉన్న చోట. అక్కడ నిండు సంచి బరువంతా ఎద్దులను బావిలోకి లాగుతుంటుంది. దానికి ఎదురు నిలిచేది నేల మీద గిట్టల పట్టు ఒక్కటే. సంచి కారి కారి తడిసి జిగురయ్యేది కూడా సరిగ్గా ఆ చోటే. అందుకే వంతు అయిపోయినవాడు, వచ్చేవాడి కోసం అక్కడ పొడి మొరం, గరుకు ఎర్రమట్టి, చల్లి పోవాలి. ఒడ్డున ఎప్పుడూ ఒక గంప మొరం ఉండేది. వచ్చినవాడు నేల తడిమి చూడడు. చూశాడంటే ముందటివాణ్ని అవమానించినట్టే.

ఆ ఎండాకాలం తమ్ముడి వరి పొట్ట మీద ఉంది. నీళ్లు అందకపోతే గింజ పట్టదు. ఒకరోజు పొద్దున నా వంతులో అతను కాలువకు గండి కొట్టి, నీళ్లు తన మడికి తిప్పుకున్నాడు. నేను మోట ఆపి పోయాను.

"నా పూట నీళ్లు దొంగతనం జేస్తవారా?"

"దొంగతనమేంది? నీ మడి నిండి పొర్లుతున్నది, నా మడి నోరు తెరిచి సస్తున్నది. కండ్లు లేవా నీకు?"

"బాపు లేడని బగ్గ లేస్తున్నవ్."

"బాపు ఉంటే ముందుగాల నీ వీపు పగిలేది అన్నా. జర పక్కకు జరుగు."

చెంప మీద కొట్టాను. అతను పార తిరగేసి, కామతో నా భుజం మీద వేశాడు. ఇద్దరం మడిలో పడి దొర్లాం. అతని నోట్లో బురద కుక్కాను. మధ్యలోకి వచ్చిన అతని భార్యను, మా మరదలిని, మోచేత్తో తోస్తే గట్టు మీద పడింది. పక్క పొలాలవాళ్లు వచ్చి మమ్మల్ని విడదీశారు.

తిరిగొచ్చి, ఆ కోపమంతా నా ఎద్దుల మీద తీర్చుకున్నాను. వాటి వీపులు వాతలు తేలాయి. మధ్యాహ్నమైంది. చివరి సంచి నీళ్లు సగం ఒడ్డు మీదే ఒలకనిచ్చాను. మొరం గంప వైపు చూశాను. చూసి, ఎద్దులను విప్పుకుని వచ్చేశాను. జారి పడతాడు, నడుం పట్టుకుంటుంది, బుద్ధి వస్తుంది అనుకున్నాను. అంతకు మించి అనుకోలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కాని మోట తోలే ఇంట్లో పుట్టినవాడికి ఆ నేల ఏం చేస్తుందో తెలియకుండా ఉండదు.

తుమ్మ చెట్టు కింద సద్ది విప్పుతుంటే అరుపు వినిపించింది. పరుగెత్తాను. ఎద్దులు అడుగు ముందుకే వేస్తున్నాయి, కాని వెనక్కి పోతున్నాయి. గిట్టల కింద బురద నున్నగా గీతలు పడుతోంది. తమ్ముడు బావికీ ఎద్దులకూ మధ్య నిలబడి, ఒక ఎద్దు తుంటికి భుజం ఆనించి ఆపుతున్నాడు. నేను చేరేలోపే కాడి విరిగింది. కుడి పక్క వలపటి ఎద్దు మోకుతో సహా బావిలో పడింది. రెండోది కూలబడి, అతని కాలిని ఒడ్డు రాయికేసి అదిమింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. బావిలో ఎద్దు రాళ్లకు కొట్టుకుంటూ చాలాసేపు అరిచి, ఆగిపోయింది.

కాలు బయటికి లాగాక తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"మొరం ఏసినవా అన్నా?"

"ఏసిన."

"మరి గిట్టల లాడాలే జారినయ్. మొన్ననే మొయినాబాద్ అంగడిల కొట్టించిన. ఆ ముసలోడు నున్నటియి కొట్టిండు."

"అవే జారినయ్," అన్నాను.

మరదలు అప్పటికే ఒడ్డుకు వచ్చింది. నిండుగా ఉన్న గంపనే చూస్తోంది.

తరువాతి వారం సంత రోజున ఆ అంగడికి నేనే పోయాను. నా అబద్ధానికి ఒక దోషి కావాలి కదా. లాడాలు కొట్టే ముసలాయన ఒక ఎద్దును పడుకోబెట్టి పని చేసుకుంటున్నాడు. మెడ పట్టి లేపాను. "నీ లాడాలకు మా తమ్ముని కాలు పోయింది కదరా!" అంటూ చెంపా చెవీ కలిసేలా కొట్టాను. పడ్డాక కాలితో తన్నాను. చుట్టూ జనం నిలబడ్డారు కాని భూమి ఉన్న పటేలు చేతిని ఎవరు పట్టుకుంటారు?

"ఏ ఊరు, ఏ ఎడ్లు, జర చెప్పి కొట్టు పటేలా," అన్నాడు ముసలాయన.

చెప్పలేదు. చెబితే లాడాలు తెచ్చి చూపించమంటాడేమోనని భయం. అందుకని ఇంకా కొట్టాను.

తమ్ముడి వరి ఎండిపోయింది. కాలు వంకరగా అతుక్కుంది. మరుసటి ఏడు నుంచి వాళ్ల మోట మరదలే తోలింది. నేను ప్రతి పూటా మొరం దట్టంగా చల్లేవాణ్ని. అయినా ఆమె ఎద్దులను కట్టే ముందు, నేను చూస్తుండగానే, ఆ చోట అరికాలితో రాసి రాసి చూసేది. ఆ అవమానం నాకు దక్కవలసిందే.

ఒకనాడు కాలువ గట్టు మీద కూర్చున్న తమ్ముడు అది గమనించాడు.

"ఏం జూస్తున్నవే? అన్న ఏసిండు గద!"

ఆమె కాలు తీయకుండా అంది, "గా దినం ఏసిండా? అడుగు మీ అన్నను. గంప నిండ మొరం అట్లనే ఉండె, నేను జూసిన."

తమ్ముడు నా వైపు తిరిగాడు.

"ఎయ్యలే," అన్నాను. "కావాల్ననే ఎయ్యలే."

తమ్ముడు ఊతకర్ర విసిరాడు. నుదురు చిట్లి కంట్లోకి రక్తం కారింది. కర్ర తీసుకుపోయి అతని చేతికే ఇచ్చాను, మళ్లీ కొడతాడని. కొట్టలేదు.

"నా ముంగట నిలబడకు," అన్నాడు. "గా ముసలోన్ని కొట్టొచ్చినవ్ గద. ముందుగాల ఆయన కాడికి పో."

పోయాను. అంగడిలో అదే చోట ముసలాయన ఒక ఎద్దు గిట్ట చెక్కుతున్నాడు. పక్కన కూర్చుని, "తాతా, నీ లాడాలది తప్పు లేదు, తప్పు నాది," అన్నాను. తల ఎత్తలేదు. మళ్లీ అన్నాను. పట్టించుకోవడం లేదనుకుని భుజం మీద చెయ్యి వేశాను. ఉలిక్కిపడి, ఉలి కింద పెట్టి, నన్ను గుర్తుపట్టాడు. ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నేను కొట్టకపోయేసరికి మెల్లగా దించాడు.

"గీ చెవి పోయింది పటేలా. ఏమన్న చెప్పేదుంటే గిటు దిక్కు వచ్చి చెప్పు."

లేచి అటు వైపు పోయి కూర్చుని, మొదటి నుంచి చెప్పాను.