లంకలో వదిలిన కుక్క

మా పెదనాన్నగారు పోయి మూడు వారాలయింది. అమలాపురం ఆసుపత్రి నుంచి తమ్ముడు ఫోను చేసి చెబితే నేను నమ్మలేదు. ఏ మాటనీ ఒక పట్టాన నమ్మకపోవడం నా పుట్టుబుద్ధి. ఆ బుద్ధితోనే ఆయన్ని కూడా అనుమానించాను. ఆ సంగతే మీతో చెప్పుకోవాలి.

మా ఇంట్లో జిమ్మీ అనే ముసలి కుక్క ఉంది. నిరుడు దాని వెనక కాళ్లు పడిపోయాయి. ఇక బాగుపడదని పశువుల డాక్టరు చెప్పేశారు. ఈడ్చుకుంటూ వెళ్లి ఎక్కడ దెబ్బ తగిలించుకుంటుందోనని వసారాలో గొలుసు వేసి ఉంచేదాన్ని. అంతవరకూ పెదనాన్నగారు దాన్ని అరుగెక్కనిచ్చింది లేదు. అలాంటి మనిషి ఉన్నట్టుండి రోజూ సాయంత్రం దాన్ని చంకనెత్తుకుని, పడవెక్కి, గోదావరి పాయ మధ్యనున్న లంకకు వెళ్లడం మొదలుపెట్టారు. మా వైపు అక్కర్లేని కుక్కల్నీ పిల్లుల్నీ తిరిగి రాకుండా ఏరు దాటించేస్తారు. దీనికీ లంక అలవాటు చేసి ఒకరోజు వదిలేసి వస్తారేమోనని నాకు అనుమానం పట్టుకుంది.

"దాన్ని లంకలో వదిలేద్దామనా పెదనాన్నగారూ?" అని అడిగేశాను.

"ఆయ్. వదలాలి కదమ్మా. ఎన్నాళ్లని కట్టేసుంచుతాం?" అన్నారు తాపీగా.

మర్నాడు ఆయన వెనకే ఇంకో పడవలో వెళ్లాను. లంక ఇసుకలో, కండువాని జిమ్మీ పొట్ట కిందుగా వేసి, రెండు కొసలూ పైకెత్తి పట్టుకుని, దాన్ని నీటి అంచున నడిపిస్తున్నారు. ముందు కాళ్లతో అది లాగుతుంటే ఆయన వంగి వెనకే పోతున్నారు. కొంగల్ని చూసి అది మొరిగింది. జబ్బు చేశాక దాని గొంతు వినడం అదే మొదలు.

"వదిలేనమ్మా. గొలుసు అదిగో, ఆ దుంగ మీదుంది," అన్నారు నన్ను చూసి. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన నవ్వేసి, "అనుమానం పెనుభూతమంటారు. దాన్ని కూడా పడవెక్కించి తీసుకొచ్చేవా?" అన్నారు.

అప్పటి నుంచీ ముగ్గురం వెళ్లేవాళ్లం. వేసవిలో ముంజెలు వలిస్తే మొదటిది జిమ్మీకే. నేను ఇంటి గొడవలు ఎత్తితే, "గోదారి దగ్గర కూర్చున్నప్పుడు గోదారినే చూడాలమ్మా," అని నా నోరు మూయించేవారు. నా బతుకులో అంత హాయి తక్కువసార్లు ఎరుగుదును.

ఈ మధ్య కండువా కొసలు నా చేతికిచ్చి తాను ఇసుకలో కూలబడేవారు. "నీకూ అలవాటవ్వాలి కదా," అనేవారు. బద్ధకించి నా మీదకు తోస్తున్నారనుకున్నాను. ఒకసారి పైకే అనేశాను. "ఆయ్," అన్నారు, అంతే. ఆయన పోయాక బట్టల పెట్టె అడుగున గుండెజబ్బు మందులు దొరికాయి. అన్ని అనుమానాలు పడ్డదాన్ని, పడాల్సిన ఆ ఒక్కటీ పడలేదు. అందుకు నా మీద నాకే కోపంగా ఉంది.

నిన్న జిమ్మీని నేనొక్కదాన్నే తీసుకెళ్లాను. పడవ లంకకు ఆనింది. దింపబోతే అది ముందు కాళ్లు బిగబట్టి, బల్లకు అతుక్కుపోయింది. వెనక్కి తిరిగి ఖాళీ రేవు చూసింది, నా మొహంలోకి చూసింది. నన్ను అనుమానిస్తోంది. దిగుతారా అని పడవవాడు అడిగాడు. నేను దాని పక్కనే కూర్చున్నాను.