మంచినీళ్ళు తాగిన సముద్రజీవి

నా ఉద్యోగం ఊడిన కథ చెబుతాను, నవ్వుకోండి. చేరకముందే ఊడింది కాబట్టి మరికాస్త గట్టిగా నవ్వుకోవచ్చు.

జంతుశాస్త్రంలో పట్టా పుచ్చుకుని తమిళదేశంలోని మా ఊరు కోవిల్పట్టిలో గోళ్ళు గిల్లుకుంటున్న రోజులవి. సముద్రజీవుల పరిశోధనశాలకు సహాయకుడు కావాలట. దాని అధికారి విరుదునగరంలో మకాం వేస్తున్నాడు. సముద్రపు నీటిలోని ఒక సూక్ష్మజీవిని గుర్తుపట్టి ఆయనకు చూపించాలి. అదే పరీక్ష.

"ఇదీ తప్పితే రేగడిలో పత్తి ఏరుకో పోరా" అన్నాడు నాయన.

తూత్తుకుడి రేవు నుంచి సీసాడు సముద్రపు నీళ్ళు తెప్పించి, బడి మేష్టారి సూక్ష్మదర్శిని అరువు తెచ్చుకున్నాను. ఒళ్ళంతా వెంట్రుకలతో సన్నటి జీవులు గిరగిరా తిరుగుతున్నాయి. పుస్తకంలో వాటి బొమ్మ, పేరు ఉన్నాయి. మా ఇంట్లోనే ఉండే మేనత్త కూడా కన్ను పెట్టి చూసింది.

"పావం, ఎట్ల కొట్టుకుంటుండాయో సూడు! ఆ ఉప్పునీళ్ళల్ల ఎట్ల బతికేదిరా ఇవి?"

"అవి అక్కడే పుట్టాయత్తా."

"మనమూ ఈడనే పుట్టినాము. మన ఉప్పుబావి నీళ్ళు తాగుతుండామా?"

పట్టా పుచ్చుకున్నవాణ్ణి, ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెబుతానా! మళ్ళీ సూక్ష్మదర్శినికి కన్ను ఆనించాను.

నాలుగు రోజులు పోయేసరికి సన్నటి జీవులు మాయమై, బొండాల్లాంటివి నింపాదిగా దొర్లుతున్నాయి. పుస్తకమంతా తిరగేశాను. ఎక్కడా లేవు. లోకంలో ఎవరూ చూడని జీవి! నాయన పేరూ ఊరి పేరూ కలిపి, చివర లాటిన్ తోక తగిలించి నామకరణం చేశాను. నాయన పత్తి సంతంతా చాటాడు. ఆ ఎండలకు బావులు అడుగంటాయి గాని నా సీసా మాత్రం తరగలేదు. అది కూడా ఆ జీవి మహిమే అనుకున్నాను, చూశారా!

విరుదునగరంలో అధికారి చాలాసేపు చూశాడు. తర్వాత సీసాలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు.

"భేష్! సముద్రం తియ్యగా ఉంటుందని కూడా నువ్వే కనిపెట్టావా?"

నేనూ వేలు ముంచి నాకి చూశాను.

"దీనికి పాత పేరే ఉందయ్యా. మంచినీళ్ళు కలిసి ఉబ్బింది. పాపం, చావబోతోంది."

రైల్లో కోవిల్పట్టి దాకా ఒళ్ళు మండుతూనే ఉంది. ఇంట్లోకి అడుగుపెడుతూనే అరిచాను.

"సీసాలో నీళ్ళు పోసింది ఎవరు?"

"నేనేరా" అంది అత్త. "దప్పికతో సస్తాయని రోజూ ఒక గుక్క పోస్తిని. కోపము పడొద్దు అబ్బయ్యా, మీ నీళ్ళు కాదు. నా వంతులోవే."

ఊరవతలి గుంట నుంచి కడవలతో మోసి, మనిషికింతని పంచుకునే నీళ్ళవి. ఆమె పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. తిట్టలేకపోయాను. ఆ కసి మాత్రం ఇప్పటికీ తీరలేదు. మర్నాటి నుంచి పత్తి ఏరాను. ఇన్నేళ్ళయినా సముద్రం మొహం చూడలేదు.

ఈ జన్మలో ఏ ప్రాణికీ పేరు పెట్టనని ఆనాడే సూర్యుడి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. తర్వాత నాకు కొడుకు పుట్టాడు. వాడికి అత్తే పేరు పెట్టింది. నేను మాత్రం ఆమె వాడికి పట్టబోయే నీళ్ళు ఉప్పువో మంచివో రుచి చూసి, పక్కకు తప్పుకున్నాను.