దోర టమోటాలు

ఫోన్లో ఆటలాడి సదువుకోవచ్చా అంటివి గదా కన్నా, సదువుకోవచ్చు. నేను పుంగనూరు బళ్లో ఆయాగా ఉండేటప్పుడు, కుప్పం యూనివర్సిటీలో సదివే ఒగమ్మాయి అట్లాంటి ఆట తెచ్చి, పిల్లోళ్లు ఎట్లాడతారో సూసి రాసుకుంటా ఉండె. ఆ ఆటలో, మార్కెట్టుకు పంపే మంచి టమోటాలు బుట్టలో వేయాల. రైతుల పాప ఒగటి ఎర్రవి వదిలేసి దోరవి వేసింది. ఫోను మూడుసార్లు తప్పనింది. పాప మొగం సిన్నబోయింది.

"ఎర్రవి యాల వెయ్యలేదమ్మా?" అని ఆ అమ్మాయి అడిగింది.

"మదనపల్లె నుంచి మద్రాసుకు లారీలో పోయేలోపల మెత్తబడవా అక్కా? అంతా నేనే సెప్పాల్నా!" అనింది పాప.

ఆ అమ్మాయి నగి, ఏందో రాసుకునింది. సాయంత్రం ఆయమ్మి బస్సెక్కతాంటే నేనడిగింది ఇనపడలేదు.

"తప్పు పాపదని రాస్తివా తల్లీ, ఆటదని రాస్తివా?"