సూరత్ సర్వపిండిలో పచ్చివెల్లుల్లి ఆకు

ఎవరైనా వంటలో ఒక ఆకుకు బదులు ఇంకో ఆకు వేశారంటే నాకు కాలు నిలవదు, రుచి చూడాల్సిందే. సూరత్‌లో ఉండే మా సుజాతక్క ఫోన్లో తన కొత్త కోడలు కావ్య చలికాలమంతా కొత్తిమీర బదులు, ఉల్లాకు బదులు పచ్చివెల్లుల్లి ఆకే వేస్తోందని చెప్పింది. మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో రైలెక్కి మర్నాడు పొద్దున సూరత్‌లో దిగాను. స్టేషన్ నుంచి అక్కావాళ్లుండే ఖటోదరాకు ఆటోవాలా వంద రూపాయలు తీసుకున్నాడు. దారిపొడవునా ఆ ఆకు గొప్పే చెప్పాడు. దాన్ని వాళ్లు లీలూ లసణ్ అంటారట.

బయట చలిగానే ఉన్నా, నేను వెళ్లేసరికి ఇంట్లో వాతావరణం వేడిగా ఉంది. అక్కావాళ్ల అత్త ఎల్లవ్వ సిరిసిల్ల నుంచి వచ్చి వారమైంది, ఆ సాయంత్రమే తిరుగు రైలు. సూరత్‌లో పుట్టిన పిల్లకు మన వంట ఎక్కడ వస్తుందని ఆమె పక్కింటివాళ్లతో అనడం కావ్య చెవిన పడింది. పిల్ల నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది.

“చిన్నత్తా, గిట్లనే పోతే అవ్వ ఊరంత గదే చెప్తది. ఏక్ బార్ నా చేతి సర్వపిండి తినాలె.”

ఇద్దరం కూరగాయల బండి దగ్గరికి పరుగెత్తాం. అవ్వ కోసం ఉల్లాకే కొందామంటే అది వాడి వేలాడుతోంది. పచ్చివెల్లుల్లి మాత్రం నవనవలాడుతోంది. కావ్య సర్వపిండిలో అది ఎప్పుడూ వేయలేదట, అయినా అదే తెచ్చాం.

బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, కారం, ఎప్పటిలాగే దంచిన వెల్లుల్లి, పైన ఉల్లాకు వేసినంత ఆకూ వేసి కలిపింది కావ్య. గిన్నెకు అద్ది, వేలితో చిల్లులు పెట్టి, నూనె పోసి మూత పెట్టింది. అమ్మో, ఆ ఘాటుకు నా ముక్కూ కళ్లూ ఏకమయ్యాయి! అంచుల్లో ఆకు మాడి చేదెక్కింది కూడా. నా వాలకం చూసి కావ్య మొహం కూడా మాడింది.

అప్పుడు బుర్రకు పని పెట్టాం. వెల్లుల్లి రెండుసార్లు పడిందన్నమాట! రెండోసారి కలిపినప్పుడు దంచిన వెల్లుల్లి మానేశాం, ఆకు సగానికి తగ్గించాం, నువ్వులు కాస్త పెంచాం, మంట తగ్గించాం. ఈసారి వంటిల్లంతా కమ్మటి వాసన.

ఎల్లవ్వ అంచు విరిచి నోట్లో వేసుకుని నమిలింది, నమిలింది, నమిలింది.

“ఇది సర్వపిండి కాదు,” అంది.

కావ్య తల దించుకుంది.

“ఇంకో ముక్క పెట్టు,” అని చెయ్యి చాపింది ముసలామె. అది కూడా తిన్నాక, “రైల్ల తిననీకి నాలుగు కట్టు. ఊర్ల ఎవలన్న అడిగితే మా మనుమని పెండ్లాం చేసిందని చెప్త,” అంది.

కావ్య చున్నీతో కళ్లు తుడుచుకుని మళ్లీ పిండి తడపడానికి కూర్చుంది.

ఎల్లవ్వ మాటే నిజం, అది సర్వపిండి కాదు. ఆకు మారితే వంటకం మారుతుంది. అయినా నాకు అదే నచ్చింది, తిరుగు ప్రయాణానికి నేనూ రెండు కట్టించుకున్నాను. చలికాలంలో సూరత్ వెళ్లేవాళ్లు పొద్దున్నే ఈ ఆకు ఒక కట్ట కొని చూడండి. పచ్చివెల్లుల్లి ఆకు ఉల్లాకులో సగమే వేయండి, ఆ పూట రోట్లో వెల్లుల్లి దంచకండి.