అద్దానికి నేను రాసిన నూనె

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, తల్లులారా, ప్రభువు తాగుడు మాన్పించాడని, జబ్బు నయం చేశాడని చాలామంది ఇక్కడ నిలబడి చెప్పారు, నాకు అవేమీ లేవు, నేను బీడీ కూడా ముట్టను, నన్ను పట్టిన పీడ వేరు. మా నర్సింగన్నను చూసి నేను ఓర్వలేకపోయాను, ఒక రోజు కాదు, పదకొండేళ్లు!

కామాటిపుర పదో గల్లీలో మేమిద్దరం పెయింటర్లం, ఎదురెదురు గదులు. అన్న వాళ్ల తాత పాలమూరు నుంచి కూలికి వచ్చినవాడు, అన్న బడి మొహం చూడలేదు, కానీ ఆయన చెయ్యి పెట్టని పని లేదు! సినిమా పోస్టర్లు, సబ్బుల ప్రకటనలు, టాక్సీల మీద నంబర్లు, సెలూన్ అద్దాల మీద నెమళ్లు, కలర్ టీవీలు వచ్చాక వీడియో పార్లర్ల బోర్డులు, ముప్ఫై ఏళ్లుగా ఏ పని వస్తే ఆ పనికి తగ్గట్టు చెయ్యి మార్చుకున్నాడు. నేనూ అవే రంగులు, అవే బ్రష్షులు కొన్నాను. ఆయన గీసిన నెమలి మెడ తిప్పి మనల్ని చూసేది, నా నెమలి కోడిలా ఉండేది! నవ్వకండి, నాకు ఏడుపొచ్చేది. "ఎప్పుడు జూడు ఆయన ముచ్చటేనా? జర పక్కకు పెట్టి బువ్వ తిను" అని మా ఆవిడ రాజమ్మ కసిరేది. ఆదివారం మందిరంలో అందరికంటే గట్టిగా పాడేది నేనే, కళ్లు మూసుకుంటే మాత్రం అన్న గీసిన బొమ్మలే కనిపించేవి.

గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర ఒక మిఠాయి దుకాణం సేఠ్ పెద్ద అద్దం మీద బంగారు రేకుతో పేరు రాయించాలనుకున్నాడు. నన్ను పిలుస్తాడేమోనని పదిసార్లు ఆ దుకాణం ముందు తిరిగాను, పని అన్నకే ఇచ్చాడు. తెలియనివారికి చెబుతున్నాను, రేకును అద్దం వెనకవైపు అంటిస్తారు, సుద్దపొడితో తుడిచాక ఆ అద్దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, ఇంత జిడ్డు తగిలినా రేకు పట్టదు. అన్న ఆ అద్దాన్ని మా గల్లీకి తెచ్చి, మేడ కింద తుడిచి పెట్టి భోజనానికి పైన తన గదికి వెళ్లాడు. నేను నా తలకున్న కొబ్బరినూనె అరచేతికి రాసుకుని, కనిపించీ కనిపించనంత పలచగా, ఆ అద్దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు నిమిరాను. తండ్రీ, క్షమించు!

వారం తిరక్కుండా రేకు పొరలు పొరలుగా లేచింది. సేఠ్ అన్నను నలుగురిలో తిట్టి ఆ పని నాకిచ్చాడు. మా పనిలో రేకు లేస్తే అద్దాన్ని తప్పు పట్టరు, పనివాడి చేతికి చెమట మొదలైందంటారు, చెమట చేతికి ఇక ఎవరూ అద్దం ఇవ్వరు. అందరూ అదే అన్నారు, పాపం, అన్న కూడా అదే నమ్మాడు. మరి నేను గెలిచానా? నేను రాసింది చూసి సేఠ్ "బాగుంది, నర్సింగ్ రాసినట్టే ఉంది" అన్నాడు! మళ్లీ ఒళ్లంతా మండిపోయింది.

కొన్ని నెలలకు అన్న మా గదికి వచ్చి, రేకు ఎత్తే తన ఉడత వెంట్రుకల బ్రష్షు నా చేతిలో పెట్టాడు. "తమ్మీ, గిది నువ్వు ఉంచుకో. గీ అద్దాల పని, కాంచ్ పని, ఇంక నాతోని గాదు. నీ చెయ్యి సాఫ్‌గున్నది" అన్నాడు.

ఆ ఆదివారం నా నోట పాట రాలేదు. మోకాళ్ల మీద పడి, "ప్రభువా, ఈ అసూయ తీసెయ్యి, నన్ను క్షమించు, అన్నకు మాత్రం చెప్పమనకు" అని బేరమాడాను. మూడు ఆదివారాలు అదే బేరం, మనశ్శాంతి మాత్రం లేదు! నాలుగో ఆదివారం, "సరే తండ్రీ, నా పేరు పోతే పోనీ, నువ్వు తోడు రా" అని లేచి నేరుగా అన్న గదికి వెళ్లాను.

"అన్నా, నీ చేతికి చెమట లేదు. ఆ కాంచ్‌కు నూనె రాసింది నేనే" అన్నాను.

అన్న కిటికీ దగ్గరికి పోయి, రెండు చేతులూ వెలుతురులో చాపి, తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"అంటే నా చెయ్యి మంచిగనే ఉన్నదా? ఏం గాలేదా?"

"ఏం గాలేదన్నా."

నవ్వాడు, ఏడ్చాడు, ఆ తరువాత ఆ చేత్తోనే నా చెంప పగిలేలా కొట్టాడు. "రేపు నాతోని వచ్చి సేఠ్‌కు గూడ చెప్పు" అన్నాడు. వెళ్లి చెప్పాను, బ్రష్షు తిరిగిచ్చేశాను, అద్దం పనులన్నీ మళ్లీ అన్న దగ్గరికే పోయాయి.

అసూయ పూర్తిగా పోయిందని మందిరంలో నిలబడి అబద్ధం చెప్పను. మొన్న ఫాక్‌లాండ్ రోడ్‌లో అన్న కొత్త పని చూస్తే లోపల చురుక్కుమంది, అక్కడే నిలబడి ప్రార్థించుకుని "మస్తుగ చేసినవ్ అన్నా" అన్నాను. పదకొండేళ్లలో నా నోట ఎన్నడూ రాని మాట అది, దాన్ని పలికించిన దేవునికే మహిమ!

ప్రియులారా, ఎవరి పేరు వింటే మీ గుండె మండుతుందో ఆ పేరు ఈ రోజే యేసయ్య ముందు పెట్టండి. ఆయన తప్పక క్షమిస్తాడు, క్షమించి ఆ మనిషి గడప దగ్గరికి పంపిస్తాడు. చెంప మీద దెబ్బ పడితే పడనీ, వెళ్లండి.