సదువులు అనే డి డ్రైవు

తొంభైల ఆఖరులో, డిగ్రీ అయ్యాక, నేను ఇంజనీరింగ్ కాలేజీ క్యాంపస్ పక్కనున్న ప్రేమ్ బజార్‌లో ఒక టైపింగు షాపులో పనిచేసేదాన్ని. అది రైల్వే గార్డుగా రిటైరైన ఒక పెద్దాయనది. మా చర్చివారే కాబట్టి బాబాయ్ అని పిలిచేదాన్ని. క్యాంపస్ కుర్రాళ్లు థీసిస్‌లు తెచ్చిస్తే నేను టైపు చేసేదాన్ని. వాళ్లు ఏదైనా బాబాయినే అడిగేవారు, ఆయన నా వైపు తిరిగి అదే ప్రశ్న మళ్లీ అడిగేవారు. నేను తల ఎత్తకుండా ఆయనకే జవాబు చెప్పేదాన్ని. ముగ్గురం ఒకే గదిలో ఉండి కూడా!

మా ప్రాణాలు తీసింది లోడ్‌షెడ్డింగ్. బ్యాటరీ పెట్టె కాసేపు కీచుమని మూగబోయేది. ఒకసారి కరెంటు తిరిగొచ్చాక చూస్తే, ఒక హైదరాబాద్ కుర్రాడి అధ్యాయం నిండా పిచ్చి గుర్తులు.

"సబ్మిషన్ దగ్గరికొచ్చింది అంకుల్. ఇట్లైతే ఎట్ల?" అన్నాడతను. మొహం పాలిపోయింది.

ఆ అధ్యాయం మళ్లీ టైపు చేశాను. కానీ రేపు మరొకటి పోతుంది. డిస్కులో థీసిస్‌లన్నీ ఉన్న భాగం, అంటే డి డ్రైవు, ఫ్యాట్ అనే పాత పద్ధతిది. దాన్ని ఎన్‌టీఎఫ్ఎస్ అనే కొత్త పద్ధతిలోకి మారిస్తే కరెంటు పోయినా ఫైళ్ల అమరిక చెడదు. కంప్యూటర్లు రిపేరు చేసే బెంగాలీ దాదా మాత్రం, మార్చాలంటే అంతా తుడిచేయాల్సిందే అన్నాడు. బొమ్మలతో నిండిన ఆ థీసిస్‌లు ఫ్లాపీల్లో పట్టవు. నేను కంప్యూటర్‌లోని సహాయం పేజీలు కథల పుస్తకంలా చదివేదాన్ని. తుడవకుండా ఉన్నదున్నట్టుగానే మార్చే ఆదేశం ఒకటుందని వాటిలో చూశాను. అయితే మారుస్తుండగా కరెంటు పోతే మాత్రం ఏ హామీ లేదు.

"కొత్త పద్ధతిలో, డిస్కు మీద ఏ మార్పు చేయబోతోందో ముందు ఒక చోట రాసుకుంటుంది బాబాయ్. మధ్యలో కరెంటు పోతే, వచ్చాక ఆ రాత చూసి సరిచేసుకుంటుంది."

"రైలుకి ఇచ్చే లైన్ క్లియర్ లాగన్నమాట! ముందల బుక్కులో రాసి, ఆ తరవాతే సిగ్నలు దించుతారు. మరి దీన్ని ఇన్నాళ్లూ లైన్ క్లియర్ లేకుండా నడిపేసినామేటి?" అని నవ్వి, వెంటనే సీరియస్ అయ్యారు. "కానీ అమ్మా, అందులో కుర్రోళ్ల బతుకులున్నాయి. పోతే నానేటి సెప్పాల?"

"పోవు. నేను చేస్తాను."

మేముండే రైల్వే క్వార్టర్లకి కరెంటు రైల్వేదే, పోవడం తక్కువ. అందుకని ఆదివారం ఆరాధన అయ్యాక కంప్యూటర్‌ని దుప్పటిలో చుట్టి రిక్షాలో మా ఇంటికి తెచ్చాం.

"ఏటిది, కొత్త పెళ్లికూతుర్ని దించినట్టు దించుతున్నారు!" అంది అమ్మ.

డిస్కు తనిఖీ చేశాను. అక్కరలేనివి తీసేసి కొంత చోటు ఖాళీ చేశాను. ఆదేశం కొట్టాను. మొదలుపెట్టే ముందు అది ఆ డ్రైవు పేరేమిటని అడిగింది. పేరు బాబాయి పెట్టిందే: చదువులు. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. తప్పు అంది. ఒక్కో అక్షరం చూసుకుంటూ మళ్లీ కొట్టాను. మళ్లీ తప్పు అంది.

"ఏటంటంది?" బాబాయి కుర్చీలోంచి లేచారు.

"పేరు తప్పంటోంది. చదువులు అనే కదా పెట్టారు?"

"మరే! సదువులే."

నేను ఆయన వైపు చూశాను. "ఎస్‌తో కొట్టారా?"

"సదువులకి ఎస్సు కాక ఇంకేటుంటాది?"

వంటింట్లోంచి అమ్మ పగలబడి నవ్వింది. "ఇంత సదూకున్నావు, ఆ ముక్క తెలీదేటే!"

ఆ పేరు రోజూ తెర మీద కనబడేదే. బడిలో 'స' అన్నందుకు ఎవరో నవ్వినప్పటి నుంచి పట్టుబట్టి 'చ' నేర్చుకున్నదాన్ని కదా, కళ్లు దాన్ని దిద్దుకునే చదివేవి. ఈసారి మా ఇంటి భాషలో కొట్టాను. ఒప్పుకుంది.

పని సాగుతున్నంతసేపూ బాబాయి తిరిగే ఫ్యానునే చూస్తూ పెదవులు కదిలించారు. మార్పు పూర్తయిందన్న వాక్యం వచ్చాక ఒక్కో థీసిస్ తెరిచాను. బొమ్మలూ పట్టికలూ అన్నీ ఉన్నాయి. చివరిది తెరిచేటప్పటికి నాకు తెలియకుండానే నిటారుగా కూర్చుని ఉన్నాను.

కొద్దిరోజులకే షాపులో, ఆ హైదరాబాద్ కుర్రాడు ఎదురుగా నిలబడి ఉండగా కరెంటు పోయింది. బ్యాటరీ కూడా చేతులెత్తేసింది. అతను తల పట్టుకున్నాడు. కరెంటు వచ్చాక తెరిచి చూపించాను. సేవ్ చేయని నాలుగు వాక్యాలు పోయాయి. మిగతాదంతా భద్రంగా ఉంది.

"ఎవర్ని పిలిపించిన్రు అంకుల్, దీన్ని బాగు చేయనీకి?"

బాబాయి అలవాటుగా నా వైపు తిరిగారు. ఆయన నోరు తెరవకముందే నేను తల ఎత్తి, "ఎవర్నీ పిలవలేదు. నేనే చేశాను," అన్నాను అతనితో.

"మీరా? ఎట్ల చేసిన్రు? మా ల్యాబ్‌ల కూడా ఇదే తిప్పలు."

మొదటి నుంచి చెప్పాను. అతను జేబులోంచి పెన్ను తీసి అరచేతి మీద రాసుకున్నాడు. చోటు చాలక మణికట్టు దాకా వెళ్లాడు. నేను తొందరపడలేదు.