తప్పంతా కొక్కేనిదే

సందు చివర నగలు బాగుచేసే పెద్దమనిషిని అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. బారెడు మీసాలు, ముక్కు మీద కోపం. ఏ దండకు కొక్కెం వేసినా ముందు తన మెడలోనే వేసుకుని, కళ్లు మూసుకుని, చేతులు వెనక్కి పెట్టి తగిలించి చూస్తాడు. ఆ మీసాల కింద ముత్యాలు చూసి ఎవరైనా నవ్వితే, "మెడ వెనక కళ్లుంటాయా ఎవరికైనా?" అని కసురుతాడు.

ఆ రోజు ఒక పెద్దావిడ కోడల్ని వెంటబెట్టుకుని వచ్చి, తనకెంతో ఇష్టమైన పగడాల దండ బల్ల మీద పెట్టింది. "కొక్కెం పాడైంది నాయనా. ఎంతసేపు కుస్తీ పట్టినా పడి చావడం లేదు." బాబాయ్ తన మెడలో వేసుకుని చూశాడు. టక్కున పడింది. "ఏదీ, మీరోసారి పెట్టుకోండమ్మా" అన్నాడు. కణుపులు వాచిన ఆవిడ వేళ్లు మూడుసార్లు కొక్కేన్ని పట్టుకోబోయి, మూడుసార్లూ జారిపోయాయి. "కొక్కెం బాగానే ఉంది అత్తయ్యా, మీ చేతులే..." అని కోడలు అనబోయింది. "నీకేం తెలుసమ్మా? లోపల స్ప్రింగు పోయింది. నా మీసాలకి భయపడి పడిందంతే!" అని బాబాయ్ గదమాయించాడు.

పాతది తీసేసి, వేళ్లకు బాగా అందేలా పెద్ద కొక్కెం వేశాడు. ఆవిడ మొదటిసారికే తగిలించుకుని, "చూశావా, నా చేతులకేమైందిటా?" అని గర్వంగా కోడలి వైపు తిరిగింది. కోడలు ఒక్క క్షణం బాబాయ్‌ని చూసి, "తప్పంతా కొక్కేనిదే అత్తయ్యా" అంది.

వాళ్లు వెళ్లాక బాబాయ్ పాత కొక్కేన్ని సొరుగులోని రేకు డబ్బాలో వేశాడు. డబ్బా నిండా అలాంటివే, ఏ తప్పూ చేయని కొక్కేలు.